బ్లీచ్ సీసా తిరిగి లోపల పెట్టు

నాయనా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోనులో చెప్పింది. కొత్తగా చేరిన ఇంట్లో పాత డిష్‌వాషర్ ఒకటి ఉందట. తలుపు తీస్తే కుళ్లు వాసన కొడుతోందట. మనిషిని పిలవకుండా ఆదివారం నువ్వే కూర్చుని బాగు చేసుకుంటావట. వింటుంటే ఒళ్లు పొంగింది. ఇంటి పనిని ఎవరో వచ్చి చేసిపెట్టాలని చూడకుండా మురికిలో చెయ్యి పెట్టడానికి సిద్ధపడ్డావు. చిన్నప్పుడు కిందపడ్డ చెంచాను కూడా నాకు తెచ్చి ఇచ్చేదాకా ఊరుకునేవాడివి కాదు, ఆ గుణం పోలేదన్నమాట అనుకున్నాను.

అంతలో మీ అమ్మ ఇంకో మాట అంది. "వెనిగర్, బ్లీచ్ రెండూ తెచ్చి పెట్టుకున్నాడక్కా, రెండూ పోస్తే వాసన ఒక్క దెబ్బకు పోతుందట."

ఆ తర్వాత మీ అమ్మ ఏం మాట్లాడిందో నాకు గుర్తులేదు. వెంటనే నీకు ఫోను చేసి ఆ రెండూ కలపవద్దని చెప్పాను. నువ్వు సరేనన్నావు. ఎందుకని అడిగావు. జవాబు చెప్పడానికి నా గొంతు పెగలలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు వాసన సంగతి. అది యంత్రానికి పట్టిన రోగం కాదు, జల్లెడలో చిక్కుకున్న మెతుకులు కుళ్లడం. ప్లగ్గు తీసెయ్యి. కింది అరను బయటికి లాగితే అడుగున మధ్యలో గుండ్రటి గొట్టంలాంటి ఫిల్టర్ కనిపిస్తుంది. చాలా యంత్రాల్లో ఎడమవైపు తిప్పితే ఊడి పైకి వస్తుంది. దాని కింద పళ్లెంలాంటి పలుచని జల్లెడ ఒకటి ఉంటుంది, అదీ తియ్యి. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, పాత టూత్‌బ్రష్ చాలు. స్టీలు పీచు మాత్రం పెట్టకు. జల్లెడ చిరిగితే ఆ కన్నంలోంచి వెళ్లిన ముక్కలు పంపు దాకా పోతాయి.

జల్లెడ తీశాక ఆ గుంటలో చెయ్యి పెట్టాలనిపిస్తుంది. పెట్టకు. ముందు టార్చి వేసి చూడు. పగిలిన గాజు ముక్కలు చేరేది అక్కడే. మందపాటి గుడ్డతోనో పట్టుకారుతోనో తియ్యి. అడుగున కాసిని నీళ్లు నిలిచి ఉంటే కంగారు పడకు, పంపు దగ్గరి రబ్బరు ఎండి బిగుసుకుపోకుండా ఆ నీళ్లు కాపాడతాయి. అవి మురిగి నల్లగా ఉంటే మాత్రం తోడేసి మంచినీళ్లు పొయ్యి. ఫిల్టర్ తిరిగి పెట్టేటప్పుడు గట్టిగా బిగిసిందో లేదో కదిపి చూడు. వదులుగా పెట్టడం అసలు పెట్టకపోవడంతో సమానం.

ఇంత చిన్న పని అది. పావుగంట పట్టదు. ఈ పావుగంట పని నాకు తెలియకపోవడం వల్ల ఏం జరిగిందో ఇప్పుడు చెబుతాను.

అప్పటికి నీకు రెండేళ్లు నిండలేదు. మీ అమ్మ పరీక్షలు రాస్తోంది, పగలంతా నిన్ను నా దగ్గర వదిలి వెళ్లేది. మా ఇంట్లో డిష్‌వాషర్ వచ్చి ఏడాది అయింది. దాంతో వచ్చిన పుస్తకాన్ని అట్టపెట్టెతో పాటు పారేశాను. లోపల ఫిల్టర్ ఒకటుందని, దాన్ని తీసి కడగాలని నాకు తెలియదు. గిన్నెలు కడిగే యంత్రాన్ని మళ్లీ మనం కడగడమేమిటి అనుకునేదాన్ని. వాసన మొదలైంది. వెనిగర్ పోసి తిప్పితే పోతుందని ఎవరో చెబితే గిన్నెడు పోసి ఖాళీగా నడిపాను. సగంలో ఆపి తలుపు తీసి చూశాను. వాసన అలాగే ఉంది. అడుగున వెనిగర్ కలిసిన నీళ్లు నిలిచి ఉన్నాయి. నాకు విసుగొచ్చింది. సింకు కింద ఉన్న బ్లీచ్ సీసా తీసి ఆ నీళ్లలోనే సగం వంచేశాను.

ముందు ఈత కొలనులో వచ్చేలాంటి వాసన వచ్చింది. శుభ్రం అవుతోంది కదా అనుకున్నాను, నాయనా. ఆ ఒక్క క్షణం సంతోషించాను కూడా. మరుక్షణం కళ్లలో మిరపకాయ పడ్డట్టయింది, గొంతు మూసుకుపోయింది. వెనక్కి ఒరిగి చూస్తే నువ్వు నేల మీద, తెరిచిన తలుపుకు మూరెడు దూరంలో కూర్చుని గరిటెతో దాన్ని కొడుతున్నావు. కొట్టడం ఆపేశావు. దగ్గావు. మళ్లీ దగ్గావు. ఊపిరి తీసుకోబోతే అది కూడా దగ్గే అయింది.

నిన్ను చంకన వేసుకుని బయటికి పరుగెత్తాను. తలుపు, కుళాయి, సీసా అన్నీ ఎక్కడివక్కడ వదిలేశాను. నువ్వు ఏడవలేదు. ఏడవడానికి ఊపిరి కావాలి కదా. ఆ ఏడుపు వినపడేదాకా నిన్ను భుజాన వేసుకుని వీపు రాస్తూ నిలబడ్డాను. ఎంతసేపో నాకు తెలియదు. ఇప్పటికీ కొన్ని రాత్రులు మెలకువ వచ్చినప్పుడు ఆ నిశ్శబ్దమే ముందు గుర్తొస్తుంది.

డాక్టరు నీ రొమ్ము మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. సాయంత్రం దాకా అక్కడే ఉంచి, రాత్రంతా కనిపెట్టి ఉండమని పంపాడు. ఆయన చెప్పాకే తెలిసింది. బ్లీచ్‌లో వెనిగర్‌లాంటి పులుపు ఏది కలిసినా క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. అది గాలి కంటే రెండున్నర రెట్లు బరువు, అందుకని నేల మీదికి దిగుతుంది. నిలబడ్డ నాకంటే కూర్చున్న నీకే ఎక్కువ అందిందన్నమాట. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్ 22న, బెల్జియంలోని ఈప్రె దగ్గర కందకాల్లో ఉన్న సైనికుల మీదికి జర్మనీ సైన్యం వదిలింది ఈ వాయువునే. కందకాల్లోకి దిగింది కూడా ఆ బరువు వల్లనే. ఇది చాలా ఏళ్ల తర్వాత చదివాను. ఆ పుట దగ్గరే పుస్తకం మూసేశాను.

నీ కూతురు పాకడం మొదలుపెట్టిందని మీ అమ్మ చెప్పింది. పాకే పిల్ల ముక్కు నేలకు ఎంత ఎత్తున ఉంటుందో ఒకసారి చూడు.

అందుకని, బ్లీచ్ సీసా తిరిగి లోపల పెట్టు. డిష్‌వాషర్‌కు దాని అవసరమే లేదు. లోపలి స్టీలును కూడా అది తినేస్తుంది, చుక్కలు చుక్కలుగా గుంటలు పడతాయి. వెనిగరో సిట్రిక్ ఆమ్లమో ఒక్కటే వాడు. అది కూడా యంత్రం ఖాళీగా ఉన్నప్పుడు, డిటర్జెంట్ వెయ్యకుండా. కొన్ని డిటర్జెంట్లలోనే క్లోరిన్ బ్లీచ్ ఉంటుంది, దానికి పులుపు తోడైతే మళ్లీ అదే కథ. పులుపు కూడా ఎప్పుడో ఒకసారి చాలు, వారం వారం పోస్తే రబ్బరు భాగాలు దెబ్బతింటాయి. పొరపాటున ఎప్పుడైనా అలాంటి ఘాటు తగిలిందంటే ఊపిరి బిగబట్టి తుడవబోకు. పిల్లను ఎత్తుకుని బయటికి వచ్చెయ్యి, ఆ తర్వాతే ఫోను, డాక్టరు. ఇల్లు ఎక్కడికీ పోదు.

మిగతావి చిన్న విషయాలు. నీళ్లు చిమ్మే రెక్కలు పైన ఒకటి, కింద ఒకటి ఉంటాయి. వాటి కన్నాల్లో గింజలు, సున్నపు పొర అడ్డుపడతాయి. పళ్లుకుట్టుకునే పుల్లతో ఒక్కొక్కటీ పొడిచి, కుళాయి కింద పట్టి చూడు. చేత్తో తిప్పితే రెక్క తేలిగ్గా తిరగాలి. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు పట్టీని మడతలు విప్పి తడిగుడ్డతో తుడువు. తలుపు అడుగు అంచును అసలు మరచిపోకు, నీళ్లు అందని చోటు అదే, పాచి చేరేదీ అక్కడే. పని అయ్యాక తలుపు కొద్దిగా తెరిచి ఉంచితే లోపల ఆరుతుంది. అయితే పిల్ల నిద్రపోయాకే తెరిచి ఉంచు.

ఉప్పు అర ఉందేమో చూడు, అన్ని యంత్రాలకూ ఉండదు. ఉంటే దానికోసమే అమ్మే ముతక ఉప్పు వెయ్యి, వంటఉప్పు కాదు. గాజు గ్లాసులకు తెల్లపొర పట్టించే కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని నీళ్లలోంచి పట్టి ఉంచే రెజిన్ గుళికలు లోపల ఉంటాయి. అవి మళ్లీ పనికి రావాలంటే ఉప్పునీళ్లతో కడగాలి, ఆ అర ఉన్నది అందుకే. అందులో పొరపాటున కూడా డిటర్జెంట్ పొయ్యకు, గుళికలున్న భాగమంతా పాడవుతుంది. ఉప్పు నింపగానే ఒకసారి యంత్రం నడుపు, ఒలికిన ఉప్పు స్టీలు మీద నిలిస్తే తుప్పు పడుతుంది.

గిన్నెలను ముందే కడిగి పెట్టే అలవాటు మీ అమ్మది. నీకు వద్దు. మెతుకులు, ముక్కలు గీకి పారేస్తే చాలు. డిటర్జెంట్‌లో ఉండే ఎంజైములకు కరిగించడానికి ఏదో ఒకటి మిగలాలి. చేత్తో తోమే ద్రవం సబ్బు మాత్రం పొయ్యకు, నురుగు పొంగి తలుపు సందుల్లోంచి వంటగదిలోకి వస్తుంది. అల్యూమినియం నల్లబడుతుంది, చెక్క పగులుతుంది, రెండూ బయటే ఉంచు. కత్తుల మొన కిందికి ఉండాలి. నీ కూతురు తెరిచిన తలుపు పట్టుకుని లేచి నిలబడే రోజు ఎంతో దూరం లేదు, యంత్రం పైబల్లకు స్క్రూలతో బిగించి ఉందో లేదో ఆలోపే చూసుకో.

ఇక నిన్ను తిట్టవలసిన మాట ఒకటుంది. డిష్‌వాషర్‌లో వేసే డిటర్జెంట్ మాత్రల డబ్బాను సింకు కింద పెట్టావటగా! రంగురంగులుగా మెరుస్తూ మిఠాయిల్లా ఉంటాయవి. నోట్లో పెట్టుకుంటే నోరు, గొంతు కాలిపోతాయి. ఇంత చదివినవాడివి, అది పిల్లకు అందే చోటని ఎలా తోచలేదు? ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు ఆ డబ్బా తీసి పై అరలో పెట్టి, గడియ వేసి రా. నిజంగానే వెళ్లు.

కోపంగా రాశాను. ఆ కోపం నీ మీద కాదని నీకు తెలుసు. ఆ రాత్రి నువ్వు నిద్రపోయాక తెల్లవారేదాకా నీ వీపు మీద చెయ్యి తియ్యలేదు. చెయ్యి పైకి లేస్తే ఊపిరి తీసుకున్నావని, దిగితే వదిలావని అలా చూస్తూ కూర్చున్నాను. నీకు దగ్గు ఎప్పుడు వచ్చినా నేను మూడు రోజులపాటు ఫోను చేస్తూనే ఉంటానని నువ్వు విసుక్కుంటావు కదా.

మర్నాడు మీ అమ్మ వచ్చేసరికి నువ్వు ఆడుకుంటున్నావు. పిల్లవాడి గొంతు బొంగురుపోయిందేమిటక్కా అని అడిగింది. జలుబు చేసిందన్నాను. పరీక్షలు అయ్యాక చెబుదామనుకున్నాను. పరీక్షలు అయ్యాయి, ఉద్యోగం వచ్చింది, నువ్వు బడికి వెళ్లావు, ఏళ్లు గడిచాయి. చెప్పలేదు.

ఈ ఉత్తరం మీ అమ్మకు చూపించు. ఆమె ఏమన్నా సరే, ఫోను చెయ్యమను. ఆదివారం ఫిల్టర్ తీసినప్పుడు, కడగకముందు ఒకటి, కడిగాక ఒకటి ఫొటో తీసి నాకు పంపు.

మీ పెద్దమ్మ