క్రిస్మస్ కాక్టస్ వాడిపోతే వెంటనే నీళ్లు పోయకండి

మీ క్రిస్మస్ కాక్టస్ కాడలు మెత్తబడి ముడతలు పడుతున్నాయని, రోజూ నీళ్లు పోస్తున్నా తేరుకోవడం లేదని, కిందటేడు వచ్చిన మొగ్గలు కూడా విచ్చుకోకుండానే రాలిపోయాయని రాశారు. నా మొదటి మొక్క సరిగ్గా ఈ లక్షణాలతోనే చనిపోయింది కాబట్టి, అన్నిటికంటే ముందు నేను కోరేది ఒక్కటే: వేళ్లను చూసేవరకు దానికి చుక్క నీరు కూడా పోయకండి.

కాక్టస్ అనగానే మనకు ఎడారి గుర్తుకొస్తుంది గాని, ఈ మొక్క ఎడారిది కాదు. ఆగ్నేయ బ్రెజిల్ తీరానికి దగ్గరగా ఉన్న కొండల మీది తేమ అడవుల్లో, చెట్ల కొమ్మల మీదా రాతి పగుళ్లలోనూ పేరుకున్న ఆకుల కుళ్లులో వేళ్లూనుకుని బతుకుతుంది; చెట్టును ఆసరా చేసుకుంటుందే తప్ప బదనికలా దాని రసం పీల్చదు. అక్కడ వాన పడినప్పుడు వేళ్లు బాగా తడుస్తాయి, కాసేపటికే నీరు జారిపోయి వాటికి గాలి తగులుతుంది. కుండీలో బంకమన్ను నింపి రోజూ తడిపితే ఆ గాలి అందక వేళ్లు కుళ్లిపోతాయి, కుళ్లిన వేళ్లు నీటిని పీల్చలేవు కాబట్టి తడి మట్టిలో ఉండి కూడా మొక్క ఎండిపోయినట్టు ముడుచుకుపోతుంది. అది చూసి దాహమేమో అనుకుని నేను ఇంకాస్త నీరు పోశాను. చివరికి కుండీని బోర్లించి చూసినప్పుడు మట్టి కంపు కొట్టింది. గోధుమ రంగుకు తిరిగిన ఒక వేరును చేతివేళ్ల మధ్య పట్టి లాగితే పైపొర తొడుగులా ఊడివచ్చి, లోపల దారం లాంటి నరం మాత్రం మిగిలింది.

మీరూ అలాగే చూడండి. వేళ్లు తెల్లగా, గట్టిగా ఉండి మట్టి పొడిగా ఉంటే అది నిజంగా దాహమే, నిండుగా నీరు పోస్తే కోలుకుంటుంది. కుళ్లు మొదలైతే గట్టిగా ఉన్న కొనల నుంచి రెండు మూడు ముక్కల కొమ్మలను కణుపు దగ్గర మెలితిప్పి తీసి (మనం ఆకులనుకునే ఆ పలకలన్నీ నిజానికి కాండమే), గాయం ఆరేదాకా ఒకటి రెండు రోజులు నీడలో ఉంచి, కొబ్బరి పొట్టు, పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికైన తెల్లని పలుకులు), బెరడు ముక్కలు కలిపిన వదులు మిశ్రమంలో నాటండి. కొనన లేత, మెరిసే కొత్త ముక్క తొంగిచూసేవరకు ఎరువు వేయకండి. ఆ తరవాత కూడా పైనున్న రెండు మూడు సెంటీమీటర్ల మట్టి ఆరాకే నీరు పోయాలి, పళ్లెంలో దిగిన నీటిని పారబోయాలి. వెలుతురు ధారాళంగా ఉండాలి, కాని మధ్యాహ్నపు ఎండ నేరుగా పడకూడదు.

పూత విషయానికి వస్తే, ఈ మొక్క చూసేది క్యాలెండర్‌ను కాదు, రాత్రి నిడివిని. దాని సొంత గడ్డ మీద రాత్రులు పెరిగేది మే నెల ప్రాంతంలో కాబట్టి బ్రెజిల్‌లో దీన్ని మే పువ్వు అనే పిలుస్తారు. సుమారు ఆరు వారాల పాటు రోజూ 12 నుంచి 14 గంటల చీకటి ఎడతెగకుండా దొరకాలి, రాత్రులు చల్లగా ఉంటే మరీ మంచిది. మా ముందుగదిలో రాత్రి పదింటిదాకా దీపం వెలిగేది, రెండేళ్లు ఒక్క మొగ్గ కూడా రాలేదు. మూడో ఏడు సాయంత్రం ఆరింటికి అట్టపెట్టె బోర్లించి ఉదయం ఎనిమిదింటికి తీయడం మొదలుపెట్టాక, కొనల్లో బియ్యపుగింజంత గులాబీ రంగు మొగ్గలు కనిపించాయి.

మొగ్గ కనిపించాక పెట్టె అక్కర్లేదు, అయితే కుండీని చోటు మార్చకండి. మట్టి పూర్తిగా ఎండినా, వేడిగాలి తగిలినా, పక్కన పండ్లు మగ్గుతున్నా మొగ్గలు రాలతాయి. పండ్ల నుంచి వెలువడే ఇథిలీన్ వాయువే అందుకు కారణం. కిందటేడు మీ మొగ్గలు రాలిన రోజుల్లో వీటిలో ఏది జరిగిందో ఒకసారి గుర్తు చేసుకోండి. ఈ ఏడాది మాత్రం మొక్క బతికి బట్టకట్టడమే ముఖ్యం కాబట్టి, కొత్తగా నాటిన కొమ్మ నుంచి పువ్వులు ఆశించకండి.