ఒకటో నంబరు ఖాతాతో చూడకు

చిరంజీవి అమ్మలుకు,

పిన్ని ఆశీస్సులు. మీ హాస్టల్లో చదివిన అమ్మాయిలందరి కోసం డ్రూపల్ అనే సాఫ్ట్‌వేర్‌తో వెబ్‌సైట్ తయారు చేస్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఎంత పొంగిపోయానో! "అందరి ఫోను నంబర్లూ పెడుతుందట" అనగానే మాత్రం గుండె గుభేలుమంది. రాత్రి నిద్రపట్టక ఇది రాస్తున్నాను.

పాస్‌వర్డులు, బ్యాకప్‌ల సంగతి నీకు చెప్పనక్కరలేదు. 2012లో నేను చేసిన తప్పు చెప్పాలి.

అప్పట్లో డ్రూపల్ 7తో ఒక మహిళా సంఘానికి ఇలాంటిదే చేసిపెట్టాను. "కార్యవర్గం" అని ఒక పాత్ర, అంటే ఒకే రకం అనుమతులుండే సభ్యుల వర్గం, సృష్టించి, ఫోను నంబర్లున్న ప్రొఫైళ్లు చూసే అనుమతి దానికి ఇచ్చాను. మామూలు సభ్యులకు మెనూలో జాబితా లింకు కనబడకుండా చేసి, పని అయిపోయిందనుకున్నాను. లాగిన్ అయిన వారందరికీ వర్తించే పాత్ర దగ్గర అదే అనుమతికి టిక్కు అలాగే ఉండిపోయింది. డ్రూపల్‌లో అనుమతులు ఒకదానికొకటి కలుస్తాయి. ఒక పాత్ర ఇచ్చినదాన్ని ఇంకొక పాత్ర వెనక్కి తీసుకోలేదు. లింకు లేకపోతేనేం, బ్రౌజరులో పేజీ చిరునామా చివర 14 చెరిపి 15 కొడితే పక్కమనిషి పేజీ తెరుచుకుంటుంది. పైగా, ఎవరు పడితే వారు ఖాతా తెరుచుకునేలా వదిలేశాను.

రోజూ నేను చూసేది ఒకటో నంబరు ఖాతాతో, అంటే సైట్ పెట్టినప్పుడు మొట్టమొదట తయారయ్యే ఖాతాతో. దానికి ఏ అనుమతీ అడ్డు రాదు, అన్నీ తెరుచుకుంటాయి. మూసి ఉండాల్సిన తలుపు బార్లా తెరిచి ఉందని నాకెలా తెలుస్తుంది?

ఒకమ్మాయికి అర్ధరాత్రి ఫోన్లు మొదలయ్యాయి. నెల రోజులు ఎవరికీ చెప్పుకోలేకపోయింది. తెలిశాక వాళ్ల నాన్న ఫోను లాక్కుని, చదువు మాన్పిస్తానన్నారు. నేను వాళ్లింటికి వెళ్లి, తప్పు నాదేనని గుమ్మంలో నిలబడి చెప్పాను. "మీరు అడిగారనే కదా ఇచ్చాను" అంది ఆ పిల్ల.

ముందు ఆ టిక్కు తీసెయ్యి. కొత్త ఖాతా ఏదైనా నువ్వు ఆమోదించాకే తెరుచుకోవాలి. పేరు, బ్యాచ్ అందరికీ కనబడి, నంబరు కొందరికే కనబడాలంటే ఆ ఒక్క అనుమతితో కుదరదు, ఒక్కో వివరానికి విడిగా అనుమతి ఇచ్చే మాడ్యూల్, అంటే డ్రూపల్‌కు తగిలించే అదనపు భాగం, వేసుకోవాలి. అసలు నంబర్లెందుకే నీకు? సభ్యులు ఒకరికొకరు సందేశం పంపుకునే ఫారం డ్రూపల్‌లోనే ఉందిగా! పిచ్చిపిల్లా, అడగని నంబరు ఎవరి చేతికీ చిక్కదు.

నాకూ ఒక మామూలు సభ్యురాలి ఖాతా తెరిచి ఇవ్వు. నువ్వు సంక్రాంతికి వచ్చేలోగా పేజీ చిరునామా చివర ఒక్కొక్క నంబరూ కొట్టి చూస్తాను. వేళకు అన్నం తిను.

మీ పిన్ని