నార్వే నుంచి తెచ్చిన బ్లూ-రేను క్లబ్‌హౌస్‌లో ప్రదర్శించవచ్చా?

ప్రశ్న: ఓస్లోలో ఉంటున్న మా బావగారు 1997 నాటి నార్వే చిత్రం ‘ఇన్సోమ్నియా’ బ్లూ-రే డిస్కు కొని తెచ్చారు. దాన్ని మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో 50 మందికి టికెట్టు లేకుండా, నేను రాసుకున్న తెలుగు సబ్‌టైటిళ్లతో చూపించి, తర్వాత డిస్కును అమ్మేద్దామనుకుంటున్నాను. చట్టపరమైన ఇబ్బంది ఉంటుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: టికెట్టు పెట్టకపోతే తప్పు కాదన్న నమ్మకం మనలో చాలామందికి ఉంది గానీ, కాపీరైట్ చట్టం, 1957లో దానికి ఆధారం లేదు. నార్వే, కాపీరైట్ రక్షణకు సంబంధించిన అంతర్జాతీయ బెర్న్ ఒప్పందంలో సభ్యదేశం కనుక ఆ దేశపు చిత్రాలకు ఇక్కడ కూడా రక్షణ ఉంటుంది. విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్కిస్తే ఈ చిత్రం మీద హక్కులు 2057 చివరి వరకు కొనసాగుతాయి.

డిస్కు పెట్టగానే వచ్చే హెచ్చరికను మనమంతా రిమోట్‌తో దాటవేస్తాం. ఇంట్లో చూసుకోవడానికి మాత్రమే అనుమతి అని అందులో ఉండే మాట చట్టానికి అనుగుణమైనదే. సెక్షన్ 2(ఎఫ్ఎఫ్) ప్రకారం చిత్రాన్ని ప్రజలకు అందుబాటులోకి తేవడమే ‘ప్రజలకు ప్రసారం’ కిందకు వస్తుంది; నిజానికి ఎవరైనా చూశారా లేదా అన్నది కూడా అక్కడ అప్రస్తుతం. మీ హాలులో మీ కుటుంబం, ఇద్దరు ముగ్గురు మిత్రులు కూర్చుంటే నేను అభ్యంతరం చెప్పను గానీ, నోటీసు బోర్డు మీద ప్రకటించి 50 మందిని పిలిస్తే అది ఇంటి వ్యవహారమని వాదించడం కష్టం. తెలిసి ఉల్లంఘిస్తే సెక్షన్ 63 కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల జరిమానా ఉన్నాయి. లాభాపేక్ష లేదని తేలితే కోర్టు, కారణాలు రాసి, శిక్షను ఇంకా తగ్గించవచ్చు. మీ టికెట్టు లేని వాదన పనికొచ్చేది అక్కడే. ఇక బహిరంగ ప్రదర్శనకు మన సెన్సార్ సర్టిఫికెట్ వేరే ఉండాలి, అట్ట మీది విదేశీ వయసు గుర్తు దానికి బదులు కాదు.

ఏ ప్రాంతపు ప్లేయర్లలో డిస్కు ఆడాలో నిర్ణయించే రీజియన్ కోడ్ యూరప్ డిస్కులకు సాధారణంగా ‘బి’ ఉంటుంది, మనది ‘సి’. అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్‌లో ఇంట్లో చూసుకుంటే, సాంకేతిక రక్షణలను దాటవేయడాన్ని నేరంగా చూసే సెక్షన్ 65ఎ వర్తించదని నా అభిప్రాయం, ఎందుకంటే హక్కులను ఉల్లంఘించే ఉద్దేశం ఉంటేనే అది నేరం. సబ్‌టైటిళ్లు మీ సొంత వినియోగానికి రాసుకోవడం వేరు, ఆ ఫైలును ఆన్‌లైన్‌లో పెట్టడం వేరు. సంభాషణలను అనువదించే హక్కు రచయితది కనుక రెండో పని చేయకండి.

అమ్మకం విషయంలో చట్టం అంత తేటగా లేదు. సొంత వినియోగానికి ఒక్క ప్రతి దిగుమతిని సెక్షన్ 51 మినహాయించింది. అమెరికాలో కొన్న డీవీడీలను ఇక్కడ అద్దెకివ్వడం ఉల్లంఘనేనని ఢిల్లీ హైకోర్టు 2009లో చెప్పింది, అయితే ‘ఇంతకు ముందు అమ్ముడైన ప్రతి అయినా’ దాన్ని అమ్మే, అద్దెకిచ్చే హక్కు హక్కుదారుదేనన్న అర్థమిచ్చేలా అప్పటి చట్టంలో ఉన్న మాటలను 2012 సవరణ తొలగించింది. అందువల్ల వాడిన డిస్కు ఒకటి అమ్మితే చిక్కు రాకపోవచ్చు. తెప్పించి అమ్మడం వ్యాపారంగా పెట్టుకుంటే మాత్రం ఆ మినహాయింపు మీకు దక్కదు.

ప్రదర్శన తప్పనిసరి అనుకుంటే డిస్కు అట్ట వెనుక పేరున్న సంస్థకు ముందు రాయండి. వారి దగ్గర హోమ్ వీడియో హక్కులే ఉంటే ప్రదర్శన హక్కులు ఎవరివో అడగండి. తేదీ, స్థలం, ప్రేక్షకుల సంఖ్య, తెలుగు సబ్‌టైటిళ్ల సంగతి ఆ లేఖలోనే చెప్పి, అనుమతిని రాతపూర్వకంగా తీసుకున్నాకే నోటీసు అంటించండి.