విషముంగలి నాటబోతున్న అమ్మాయికి

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతియైన మా అమ్మాయికి, పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

హైదరాబాదులో మీరు కొనుక్కున్న ఇంటి ప్రహరీ వెంట మన కాకినాడ పెరటిలో తెల్లగా పూసే ఆ దుంపమొక్క, విషముంగలి పిలకలు నాటాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మా అత్తగారు పెట్టిన మొక్క నీ చేతికి వెళుతున్నందుకు ఎంతో గర్వపడ్డాను. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నాటడం కష్టమేమీ కాదు. మొక్కకూ మొక్కకూ 3 అడుగుల ఎడం ఉంచి, సగం రోజైనా ఎండ తగిలే చోట, దుంప మెడ మట్టిపైన ఉండేటట్లు నాటు. మాది సముద్రపు గాలి తగిలే ఇసుకనేల కనుక ఎంత వాన కురిసినా నీరు ఇంకిపోతుంది. మీది నల్లరేగడి అని విన్నాను కనుక మడిని జానెడు ఎత్తు చేసి, ఇసుకా మాగిన పశువుల ఎరువూ కలపకపోతే వానాకాలంలో దుంప కుళ్ళిపోతుంది. చోటు మార్చిన కోపం ఈ మొక్కకు ఏడాది, రెండేళ్ళయినా పోదు. పూయలేదని పెకలించి మరోచోట పెట్టావో, మళ్ళీ అంతకాలం ఎదురుచూడాలి. వానల తరువాత నల్లటి ఒంటిమీద తెల్లని, ఎర్రని మచ్చలున్న గొంగళిపురుగులు ఆకులను తొలుచుకుంటూ దుంపలోకి దిగుతాయి. రోజూ ఆకు తిరగేసి చూసి, ఏరి సబ్బునీళ్ళలో వెయ్యి.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. నీకు 5 ఏళ్ళప్పుడు వేసవి సెలవులకు మా ఇంటికి వచ్చావు. పడిపోయిన పెరటిగోడ కట్టించడానికి నేను ఆ మొక్కలన్నీ తవ్వించి, ఆకులూ వేళ్ళూ కోసి, పిలకల దుంపలను ఒక తట్టలో వేసి వెనక వసారాలో ఉల్లిపాయల గంప పక్కనే పెట్టాను. మర్నాడు నాటిద్దాంలే అనుకున్నాను. పొరలు పొరలుగా ఉన్న ఆ చిన్న దుంపను ఉల్లిపాయ కాదని పెద్దవాళ్ళే గుర్తుపట్టలేరు, పిల్లలకేం తెలుస్తుంది? మధ్యాహ్నం మేమంతా నడుము వాల్చిన వేళ మీరు గుజ్జనగూళ్ళు ఆడుకున్నారు. వంట కుదిరిందో లేదో రుచి చూసే పని నీది.

కొంతసేపటికి నీకు నోటివెంట చొంగ, ఆపైన ఆగని వాంతులు మొదలయ్యాయి. నేను వడదెబ్బ అనుకుని మజ్జిగ తాగించాను. అది కూడా కక్కేశావు. అలా గంటసేపు పోగొట్టాను. పాత్రలు సర్దబోయిన మీ అమ్మకు కొబ్బరిచిప్పలో సగం ఒలిచిన దుంప, దానిమీద నీ పంటిగాట్లు కనిపించాయి. దాన్ని చేతపట్టుకునే ఆసుపత్రికి పరుగెత్తాము, అందువల్లనే డాక్టరుగారికి సంగతి వెంటనే తెలిసింది. చేదుకు ఉమ్మేయగా కొంచెమే లోపలికి పోయిందట. రాత్రంతా సెలైను ఎక్కించారు, తెల్లవారాక ఇడ్లీ అడిగావు. మీ అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అరిచి ఉంటే ఏడ్చి తేలికపడేదాన్ని.

పేరులోనే విషం ఉన్న మొక్కను తిండిగంప పక్కన పెట్టిన తెలివి నాది, తల్లీ. నువ్వు అలా చేయకు. లైకోరిన్ అనే విషం దీని దుంపలోనే కాదు, ఆకులోనూ గింజలోనూ ఉంటుంది. బొద్దుగా పచ్చగా ఉండే ఆ కాయలు మీ రెండేళ్ళవాడి కంటికి ఆటవస్తువులే కనుక, పూలు వాడగానే కాడ కోసెయ్యి. గింజతో మొక్క కావాలనిపిస్తే ఒకటి ఉంచుకుని, వాడికి అందని కుండీలో మట్టిమీద పెట్టు. పూడ్చనక్కరలేదు, నీరు లేకపోయినా మొలకెత్తే గింజ అది. ఆకులు కోసినప్పుడు చేతులు సబ్బుతో కడుక్కున్నాకనే వాడిని ఎత్తుకో.

ఇంత చెప్పి కూడా వద్దనలేకపోతున్నాను. సాయంత్రం పొద్దు వాలాక ఒక్కొక్క కాడకు ఇరవైకి పైగా తెల్లని పూలు విచ్చుకుని, చీకట్లో ఆ వాసన వాకిటిదాకా వచ్చేటప్పుడు నువ్వు అరుగుమీద నా ఒడిలో పడుకునేదానివి.

మీ పెదనాన్నగారు ఆదివారం పిలకలు తెస్తారు. సంచికి ఎర్రగుడ్డ కట్టి, విషం అని పెద్ద అక్షరాలతో వ్రాసి అంటించాను. దాన్ని గడప దాటనివ్వక, దిగిన వెంటనే నాటించు. గుంటలు శనివారమే తవ్వించి ఉంచు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ