పార్సిల్ లోపల వస్తువు పాడైతే పోస్టల్ ఇన్సూరెన్స్ డబ్బులు ఎలా వస్తాయి?

శ్రీకాకుళం నుంచి బుడితి ఇత్తడి దీపపు కుందులు ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్నానని, స్పీడ్ పోస్ట్‌లో పంపిన జత సొట్టలు పడి చేరిందని, కస్టమర్ డబ్బు వెనక్కి అడుగుతున్నారని, పోస్టాఫీసు వాళ్ళు ఏమైనా ఇస్తారా అని మీరు అడిగారు. నేను విజయనగరంలో ఉంటాను. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేసే చిన్న వీణలు ఆన్‌లైన్‌లో అమ్ముతాను. ఈ తలనొప్పి నాకూ కొత్త కాదు.

ముందు మీ కేసు. రసీదు మీద ఇన్సూరెన్స్ చార్జి అని విడిగా పడిందేమో చూడండి. స్పీడ్ పోస్ట్ అంటేనే ఇన్సూరెన్స్ ఉన్నట్టని చాలామంది అనుకుంటారు, కానీ అది అడిగి, అదనంగా డబ్బు కట్టి చేయించుకోవాల్సింది. లేకపోతే సిటిజన్స్ చార్టర్ (ఏ సేవకి ఎంత బాధ్యతో తపాలా శాఖ రాసిపెట్టిన పత్రం) ప్రకారం వస్తువు పోయినా, పాడైనా మీరు కట్టిన స్పీడ్ పోస్ట్ చార్జీకి రెట్టింపు లేదా 1,000 రూపాయలు, ఏది తక్కువైతే అదే ఇస్తారు. 150 కట్టి ఉంటే 300 వస్తాయి, కుందుల ధర ఎంతైనా సరే. దాని మీద పోట్లాడి లాభం లేదు. పాత 1898 చట్టంలోనూ, 2024 జూన్‌లో అమల్లోకి వచ్చిన 2023 పోస్టాఫీసు చట్టంలోనూ రూల్స్‌లో చెప్పిన మేరకు తప్ప శాఖకి బాధ్యత లేదనే రాసి ఉంది. ఆ 300 కోసం కూడా ఫిర్యాదు పెట్టండి, ఊరికే వదిలెయ్యకండి. కానీ కస్టమర్‌కి ఇవ్వాల్సింది మాత్రం మీ జేబులోంచే ఇప్పుడే ఇచ్చెయ్యండి. క్లెయిమ్ తేలేదాకా ఆగమంటే ఎవరూ ఆగరు, కింద కామెంట్లలో పరువు తీసేస్తారు.

ఇన్సూరెన్స్ చేయించి ఉంటే కథ వేరు. అప్పుడు నిజంగా జరిగిన నష్టం ఇస్తారు, మీరు రాసిన విలువకి మించకుండా. మీ లాభం, కస్టమర్ పోయిన నష్టం లాంటివి లెక్కలోకి రావు. వస్తువు అసలు విలువకన్నా ఎక్కువ రాయకూడదు కూడా. కాబట్టి బిల్లు ముఖ్యం. జీఎస్టీ నంబర్ లేకపోయినా ఫర్వాలేదు, వరుస నంబర్లున్న బిల్లు పుస్తకం ఒకటి కొనుక్కోండి. దానికి తోడు యూపీఐలో డబ్బు వచ్చిన స్క్రీన్‌షాట్, మీరు కళాకారుడి దగ్గర కొన్న చీటీ ఉంటే విలువ గురించి మళ్ళీ ప్రశ్న రాదు. వీణల విషయంలో నాకు ఇంకో మాట చెప్పాల్సి వస్తుంది. బొబ్బిలి వీణ పనస చెక్క ఒకే దుంగలోంచి చెక్కుతారు, కుండ (కింది గుండ్రటి భాగం), దండి (పొడవాటి కాడ) విడివిడిగా అతికించరు. దండి దగ్గర చీలిందంటే ఆ వస్తువు మొత్తం పోయినట్టే, అతికించి అమ్మలేను. అందుకే అర్జీలో పాక్షిక నష్టం అనకుండా పూర్తి విలువ ఎందుకు అడుగుతున్నానో ఒక వాక్యం రాస్తాను. మీ కుందులకి అలా కుదరదు. సొట్ట తీయించవచ్చు కాబట్టి తీయించే ఖర్చే ఇస్తామనే అవకాశం ఉంది.

ఇక అసలు విషయం. క్లెయిమ్ నిలబడేదీ, పడిపోయేదీ కస్టమర్ గుమ్మం దగ్గరే. ప్రైవేటు కొరియర్‌లో ఒకసారి వీణ పంపాను, ఆ కంపెనీ పేరెందుకులెండి. కస్టమర్ ఆఫీసులో ఉంటే వాచ్‌మన్ సంతకం పెట్టి తీసుకున్నాడు. సాయంత్రం ఆవిడ విప్పి చూస్తే కుండ దగ్గర దండి విరిగి ఉంది. ఫోటోలు పంపితే కొరియర్ వాళ్ళ జవాబు ఒక్కటే: డెలివరీ అప్పుడు అభ్యంతరం చెప్పలేదు కాబట్టి బాధ్యత లేదు. వాళ్ళ చీటీ వెనక చీమలంత అక్షరాల్లో అదే ఉంది మరి. పోస్టులోనూ పద్ధతి అంతే, అభ్యంతరం లేకుండా సంతకం పెట్టి పార్సిల్ తీసుకుంటే ఇన్సూరెన్స్ క్లెయిమ్ బలహీనపడిపోతుంది.

అందుకని ఇప్పుడు ట్రాకింగ్ నంబర్‌తో పాటు ప్రతి కస్టమర్‌కి ఈ మెసేజ్ వాట్సాప్ చేస్తాను: "డబ్బా తీసుకునే ముందు నాలుగు మూలలూ చూడండి. నలిగినా, తడిసినా, టేపు ఊడినా ఓటీపీ చెప్పకండి, సంతకం పెట్టకండి. ఓపెన్ డెలివరీ కావాలని అడగండి, నాకు ఫోన్ చెయ్యండి." ఓపెన్ డెలివరీ అంటే పోస్టాఫీసులో పోస్ట్‌మాస్టర్ ఎదురుగా పార్సిల్ విప్పి, లోపల ఏముంది, ఎలా ఉంది అని కాగితం మీద రాసి, ఇద్దరూ సంతకాలు చేయడం. ఆ కాగితం ఉంటే మీరు ఇంకెన్ని ఫోటోలు పెట్టినా అవి దానికి తోడు మాత్రమే. దీనికి కస్టమర్ ఒకసారి పోస్టాఫీసుకి వెళ్ళాలి, నిజం చెప్పాలంటే సగం మంది వెళ్ళరు. బతిమాలాలి, ఆటో డబ్బులు నేనే ఇస్తానని చెప్పాలి. 2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్డ్ పోస్ట్ స్పీడ్ పోస్ట్‌లో కలిసిపోయాక, 5 రూపాయలు అదనంగా కడితే ఓటీపీ డెలివరీ తీసుకోవచ్చు, జీఎస్టీ వేరు. వాచ్‌మన్ చేతిలో పెట్టి వెళ్ళిపోకుండా అదొక అడ్డు. నేనైతే ఖరీదైన వాటికి అది వదలను.

ప్యాకింగ్ సరిగా లేదన్నదే తిరస్కరించడానికి వాళ్ళ మొదటి మాట. ఇత్తడికి వరిగడ్డి బాగానే పనిచేస్తుంది కానీ కుందు కాడ, పళ్ళెం ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా చుట్టండి. ఒక డబ్బాలో ఇంకో డబ్బా పెట్టి, మధ్యలో రెండు వేళ్ళ మందం ఖాళీని గట్టిగా నింపండి. ఊపితే చప్పుడు రాకూడదు. కిరాణా కొట్లో దొరికే పాత అట్టపెట్టెలు అక్టోబర్, నవంబర్ తుఫాన్ల చెమ్మకి అప్పడంలా మెత్తబడతాయి, లోపల పాలిథీన్ కవర్ వెయ్యండి. టేపు వేసే ముందు, వేశాక వీడియో తీసి పెట్టుకోండి. కౌంటర్‌లో తూకం వేసిన బరువు రసీదు మీద పడుతుంది. చేరాక బరువు తగ్గిందంటే దొంగతనం సంగతి తేల్చడానికి అదే ఆధారం.

అర్జీ రాసేటప్పుడు బుక్ చేసిన పోస్టాఫీసు పోస్ట్‌మాస్టర్ పేరునే రాయండి, ఒక కాపీ మీ పోస్టల్ డివిజన్ సూపరింటెండెంట్‌కి. పంపినవాళ్ళే అడగాలి, కస్టమర్ కాదు. 2 అక్షరాలు, 9 అంకెలు, చివర ఐఎన్ ఉండే ఆర్టికల్ నంబర్, బుక్ చేసిన తేదీ, ఏం పాడైంది, ఎంత అడుగుతున్నారు, అంతే. అసలు రసీదు ఇవ్వకండి, జిరాక్స్ ఇచ్చి అసలుది చూపించండి. అదే రోజు ఇండియా పోస్ట్ వెబ్‌సైట్‌లో గానీ 1800 266 6868కి ఫోన్ చేసి గానీ ఫిర్యాదు నమోదు చేయండి, ఫిర్యాదు నంబర్ దగ్గర పెట్టుకోండి. కౌంటర్‌లో ఇచ్చిన కాగితం మీద ముద్ర వేయించుకోవడం మర్చిపోవద్దు. జవాబు రాకపోతే తపాలా ఫిర్యాదులు వినే డాక్ అదాలత్ ఉంది, ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టే కేంద్రం పీజీ పోర్టల్ ఉంది.

జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్దామనుకుంటే ఒక చిక్కుంది. వ్యాపారం కోసం సేవ కొన్నవాళ్ళు వినియోగదారులు కారని అవతలి వాళ్ళు అంటారు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం చేసేవాళ్ళకి 2019 చట్టంలో మినహాయింపు ఉంది, కానీ అది కొన్న వస్తువుల గురించే రాసి ఉంది, సేవల మాట లేదు. కాబట్టి మనలాంటివాళ్ళం దాని కిందకి వస్తామని గట్టిగా చెప్పలేను. 5 లక్షల లోపు చెల్లింపుకి ఫీజు లేదు. అయినా మూడు వందల కోసం అక్కడికి వెళ్ళమని నేను చెప్పను.

ప్రతి పార్సిల్‌కీ ఇన్సూరెన్స్ కట్టడం కూడా దండగే. చిన్నవాటికి నేను కట్టను, ధరలోనే కొంచెం వేసుకుంటాను. పోతే తట్టుకోలేను అనుకున్నవాటికే కడతాను. మార్కెట్‌ప్లేస్‌లలో అమ్మితే వాళ్ళ క్లెయిమ్ పద్ధతి వేరు, ఇదంతా సొంతంగా బుక్ చేసుకునేవాళ్ళకి.

మీ కుందులు, డబ్బా, గడ్డితో సహా కస్టమర్ దగ్గర అలాగే ఉంచమని చెప్పండి. పోస్టాఫీసు వాళ్ళు చూస్తామంటే చూపించాలి. ఫిర్యాదు మూసేశాక వెనక్కి తెప్పించుకుని బుడితిలో ఇవ్వండి. పాత ఇత్తడికి తూకం ప్రకారం ఎంతో కొంత వస్తుంది.