ముందు కరివేపాకు చెట్టు దగ్గర నిలబడు

తెనాలి,
జూన్ 11.

చి.సౌ. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

హనుమకొండలో ఇల్లు కుదిరిందనీ, వెనక కాస్త పెరడు కూడా ఉందనీ మీ అమ్మ చెప్పింది. పూలూ పిట్టలూ చూడటం ఎలా మొదలుపెట్టాలి, ఏ కెమెరా కొనాలి అని నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. ఫోన్లో నాలుగు ముక్కలు టైపు చేసేసరికి నాకు ప్రాణం మీదికొస్తుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ఇప్పుడే ఏమీ కొనకు. అంత చిన్న పెరట్లో బైనాక్యులర్స్‌తో పెద్దగా పనుండదు, దగ్గరి వస్తువులు వాటిలో మసగ్గా కనిపిస్తాయి. అల్లుడు గారి దగ్గర పాతవి ఉన్నాయన్నావుగా, వాటిని తిరగేసి పట్టుకుని పువ్వుకి బాగా దగ్గరగా పెట్టి చూడు, భూతద్దంలా పనిచేస్తాయి. చాలామందికి ఈ కిటుకు తెలీదు.

రెండో సంగతి, పెరడంతా రౌండు కొట్టకు. అడుగుల అలికిడికి సగం జీవాలు ముందే సర్దుకుంటాయి. ఒక మొక్క ఎంచుకుని పావుగంట దాని దగ్గరే ఉండు. నన్నడిగితే కరివేపాకుతో మొదలుపెట్టమంటాను. ఎలాగూ పోపులోకి రోజూ దాని దగ్గరికి వెళ్తావు.

లేత చిగుళ్ల మీద ఆవగింజంత గుడ్లు, లేత పసుపు రంగువి, ఒక్కొక్కటిగా అంటించి ఉన్నాయేమో వెతుకు. నిమ్మ సీతాకోకచిలుక పెట్టినవి అవి. గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది, గోధుమరంగు మీద తెల్లమచ్చలతో. రెట్టను ఏ పిట్టా తినదు కదా, అదే దాని ధైర్యం. నాలుగు సార్లు కుబుసం విడిచేసరికి ఆకుపచ్చగా లావెక్కుతుంది. అప్పుడు పుల్లతో మెల్లగా వీపు తాకి చూడు. తల వెనక నుంచి ఎర్రటి పంగల కొమ్ము ఒకటి బయటికొస్తుంది, ఘాటైన వాసన కూడా వేస్తుంది. కాసేపటికి కొమ్ము లోపలికి పోతుంది. ఒక్కసారి చేస్తే చాలు, పాపం దాన్ని విసిగించకు. గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా సుమారు నెల పడుతుంది కాబట్టి మొత్తం కథ నీ కళ్లముందే నడుస్తుంది.

ఆకంతా తినేస్తోందని ఇంట్లో ఎవరైనా మందు కొట్టబోతే, ఒక కొమ్మ దానికి వదిలేద్దామని బేరం పెట్టు. వేపనూనె అయితే ఫర్వాలేదు కదా అంటారు. వేపనూనె కూడా ఆ పురుగు ఎదగకుండా చేసే మందే.

అన్ని పురుగులతోనూ ఈ చనువు వద్దు. వానాకాలంలో మునగచెట్టు మొదలంతా గుంపులుగా అంటుకుని ఉండే బొచ్చు గొంగళ్ల జోలికి పోకు. తాకితే దద్దుర్లు, దురద. దూరం నుంచి చూడాల్సిన సరుకు అది.

చిరిగిన ఆకు కనిపిస్తే తుంచి పారేయకు. గులాబీ ఆకు అంచు గుండ్రంగా, నున్నగా కోసినట్టుంటే అది ఆకులు కోసే తేనెటీగ పని. ఆ ముక్కలు మోసుకెళ్లి ఏ గోడ కంతలోనో గూడు కట్టుకుంటుంది.

పూల విషయంలో రంగు కంటే వేళ ముఖ్యం. ప్రహరీ మీదికి రాధామనోహరం పాకి ఉంటే నీ అదృష్టం. ఒకే గుత్తిలో తెలుపు, గులాబీ, ఎరుపు పూలు కలిసి ఉండటం చూసి మూడు రకాలేమో అనుకుంటారు. పువ్వు ఒకటే. సాయంత్రం తెల్లగా విచ్చుకుంటుంది, మర్నాటికి గులాబీ రంగుకి తిరుగుతుంది, ఆ తర్వాత ఎర్రబడుతుంది. చీకటి పడ్డాక టార్చి కాంతి నేల మీదికి వేసి ఆ తీగ కింద నిలబడు. పొడవాటి తొండమున్న పెద్ద రెక్కలపురుగులు వాలకుండా గాల్లోనే నిలబడి తెల్లపూల కాడల్లోకి తొండం దించి తేనె తాగుతాయి. అంత పొడవు కాడలో అడుగున ఉన్న తేనె మామూలు ఈగలకి అందదు. పగలు అదే తీగ మీదికి వచ్చే వాళ్లు వేరు. రెండు పూటలా ఎవరెవరు వచ్చారో రాసుకో, తేడా నీకే తెలుస్తుంది. బీరపువ్వు కూడా సాయంత్రం విచ్చుకునేదే, గుమ్మడి మాత్రం తెల్లారుజామున. గుమ్మడి పిందెలు రాలిపోతున్నాయని బెంగపడే వాళ్లు ఎనిమిదింటికి లేస్తే, ఆ పువ్వు మీద తేనెటీగల రద్దీ ఎక్కడ కనబడుతుంది!

వంకాయ పువ్వు దగ్గర చెవులు కూడా పనిచేయాలి. దాని పుప్పొడి బయటికి రాలి ఉండదు, మధ్యలో ఉన్న పసుపు గొట్టాల్లో దాక్కుని ఉంటుంది. వాటి కొసన చిన్న రంధ్రం ఉంటుంది, అంతే. నల్ల తుమ్మెద వచ్చి ఆ గొట్టాలను కాళ్లతో కరుచుకుని గట్టిగా వణుకుతుంది. ఎగిరేటప్పటి ఝుంకారం కంటే సన్నగా, హెచ్చు స్థాయిలో వినిపిస్తుందా మోత. ఆ వణుకుకి పుప్పొడి దాని పొట్ట మీద రాలుతుంది. తేనెటీగలకి ఈ విద్య రాదు. పొట్ట మీద నీలిచారలున్న చిన్న తుమ్మెద ఒకటుంది, దానికి మాత్రం వచ్చు.

గోడ మూల మట్టిగూడు కట్టే కందిరీగ కనబడితే గూడు పగలగొట్టనివ్వకు. అది పురుగుని తెచ్చి ఝుంకారం చేసి చేసి తనలా మార్చేస్తుందని మన పెద్దవాళ్లు భ్రమరకీటక న్యాయం చెప్పేవారు. ఉపమానం బాగుంటుంది కానీ, జరిగేది వేరు. కందిరీగ పురుగుని కుట్టి కదలకుండా చేసి లోపల పెట్టి, తన గుడ్డు కూడా అందులోనే పెట్టి మూసేస్తుంది. పిల్లకి అదే భోజనం. బయటికొచ్చే కందిరీగ ఆ పిల్లే.

పిట్టల గురించి నువ్వే ఎక్కువ అడిగావు, కానీ నేను ఒకటే గట్టిగా చెప్తాను. వసారా తీగకి తేనెపిట్ట గూడు కట్టినా, నిమ్మాకులు కలిపి దర్జీపిట్ట కుట్టుకున్నా ఫొటోల కోసం దగ్గరికి వెళ్లకు. నువ్వు మాటిమాటికీ వెళ్లే చోటిని కాకి కనిపెడుతుంది. వంటింటి కిటికీలోంచి చూడు, చాలు. ఎండల్లో వెడల్పాటి మట్టి మూకుడులో రెండంగుళాల లోతుకి నీళ్లు పోసి, తేనెటీగలు వాలటానికి ఒక రాయి వెయ్యి. నీళ్లు రోజూ మార్చాలి, లేకపోతే డెంగీ దోమలకి నువ్వే ఇల్లు కట్టించినట్టు.

తొండ మెడా తలా ఎర్రబడితే అది విషం కాదు, మగతొండ జోడు కోసం చేసే ఆర్భాటం. నలికిరిని చూసి పాము పిల్ల అని చీపురెత్తకు. నిజం పాముల విషయంలో మాత్రం మొండి ధైర్యం పనికిరాదు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, రక్తపింజరి రాలిన ఆకుల్లో కలిసిపోతుంది. చీకట్లో టార్చీ, చెప్పులూ లేకుండా పెరట్లోకి వెళ్లకు. కట్టెలూ పాత ఇటుకలూ గోడకి ఆనించి గుట్ట వేయొద్దు. ఖర్మ కాలి కాటు పడితే కట్లు కట్టడం, గాటు పెట్టడం, పసరు మందులు ఏవీ వద్దు. కదలకుండా ఉండి 108కి ఫోన్ చేసి నేరుగా పెద్దాసుపత్రికి పోవడమే.

ఒక నోటుబుక్కు పెట్టుకో. తేదీ, వేళ, ఎండా మబ్బా, ఏ మొక్క, అది ఏం చేస్తోంది. పేరు తెలియకపోతే ఖాళీ వదిలెయ్యి. పేరు దొరకగానే చూడటం మానేసే వాళ్లని చాలామందిని చూశాను. పిట్ట కూతకి మెర్లిన్, మిగతా వాటికి ఐనాచురలిస్ట్ యాప్ బాగానే చెప్తాయి, కానీ సీతాకోకచిలుకకి రెక్కల పైభాగం, అడుగుభాగం రెండు ఫొటోలు పెట్టు. ఒక్క ఫొటోతో అది తికమకపడుతుంది. తేదీ పక్కన కార్తె కూడా రాయి. ఇప్పుడు మృగశిర నడుస్తోంది, 22 ప్రాంతంలో ఆరుద్ర వస్తుంది. మంచి వాన పడిన మర్నాడు పొద్దున్నే గడ్డిలో ఎర్రటి ఆరుద్ర పురుగులు తిరుగుతాయేమో చూసి కాళ్లు లెక్కపెట్టు. ఎనిమిది ఉంటాయి, సాలీడు బంధువులు.

చిక్కుడు గింజలు కవర్లో పెట్టాను. వాన పడగానే ప్రహరీ పక్కన వెయ్యి. చలికాలానికి తీగకి పేనుబంక, అంటే రసం పీల్చే సన్న పురుగులు, పడుతుంది, దాని తీపి కోసం చీమలు వరస కడతాయి, బంకని తినటానికి అక్షింతల పురుగులు దిగుతాయి. వాటి పిల్లలు నల్లగా, ముళ్లతో, తల్లికి పోలికే లేకుండా ఉంటాయి. తెగులనుకుని నలిపేసేవు. సంక్రాంతికి నేను వస్తున్నాను, అప్పటిదాకా ఆ తీగ మీద ఎవరినీ మందు కొట్టనివ్వకు. మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ