తలకు దెబ్బ తగిలిన నెలన్నరకు నడక, మాట తడబడుతున్నాయి... వయసు వల్లేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. నెలన్నర క్రితం బాత్‌రూమ్‌లో జారిపడి తల వెనక దెబ్బ తగిలింది. స్పృహ తప్పలేదు, వాంతులు కాలేదు. సీటీ స్కాన్ నార్మల్ అన్నారు. వారం నుంచి ఎడమ కాలు ఈడుస్తున్నారు, మాట తడబడుతోంది, పగలంతా మగతగా ఉంటున్నారు. గుండెకు స్టెంట్ ఉంది, రక్తం పలచబరిచే మాత్రలు వాడుతున్నారు. ఇదంతా వయసు ప్రభావమేనా?

జవాబు: వయసుతో వచ్చే మార్పులు వారంలో ముంచుకురావు. ఈరోజే న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లి మళ్లీ సీటీ తీయించండి. పాత రిపోర్టు ఆ రోజు పరిస్థితినే చెబుతుంది. నా మొదటి అనుమానం క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా, అంటే మెదడుకూ దానిపైనున్న గట్టి పొరకూ మధ్య నెమ్మదిగా రక్తం చేరడం. పక్షవాతంలోనూ ఇలాంటి లక్షణాలే ఉంటాయి కాబట్టి ఏదైనా ఆలస్యం పనికిరాదు.

పెద్ద వయసులో మెదడు కాస్త కుంచించుకుపోయి, పై పొరకు వెళ్లే సన్నటి సిరలు సాగి ఉంటాయి. చిన్న దెబ్బకే చిట్లుతాయి. పలచబరిచే మాత్రలుంటే రక్తం ఓ పట్టాన ఆగదు. లోపల చోటు ఉండటంతో వారాల తరబడి ఏమీ తెలియదు. దీన్ని మతిమరుపు జబ్బనుకుని ఇంట్లోనే ఉంచేసే కుటుంబాలను చూస్తుంటాం. అదే బాధ, ఎందుకంటే చికిత్సతో బాగయ్యే జబ్బు ఇది.

తల గాయాలన్నీ ఇంత నిదానంగా ఉండవు. పుర్రె విరిగి ధమని తెగితే వచ్చే ఎక్స్‌ట్రాడ్యూరల్ హెమటోమాలో, లేచి బాగానే మాట్లాడిన మనిషి కొన్ని గంటల్లోనే కోమాలోకి జారిపోవచ్చు. దానికి అప్పటికప్పుడు ఆపరేషన్ చేయాలి. కన్‌కషన్‌లో, అంటే దెబ్బకు మెదడు అదిరి కొంతకాలం పనితీరు తడబడినప్పుడు, స్కాన్ మామూలుగానే ఉంటుంది, చాలామంది విశ్రాంతితో కోలుకుంటారు. మెదడు కమిలితే మాత్రం వాపు పెరుగుతుందేమోనని ఆసుపత్రిలో ఉంచి కనిపెట్టి చూస్తారు.

మీ నాన్నగారికి స్కాన్‌లో రక్తం కనబడి, మెదడుపై ఒత్తిడి ఉంటే పుర్రెకు ఒకటి రెండు చిన్న రంధ్రాలు చేసి బయటికి తీసేస్తారు. దీన్నే బర్ హోల్ ఆపరేషన్ అంటారు. కొందరిలో మళ్లీ చేరుతుంది కాబట్టి డిశ్చార్జ్ అయ్యాకా మగత, తలనొప్పి కనిపిస్తే వెంటనే చూపించాలి.

మాత్రలు మాత్రం మీరే ఆపేయకండి. స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంది. ఎప్పుడు ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో న్యూరోసర్జన్, గుండె డాక్టర్ మాట్లాడుకుని చెబుతారు. పాత సీటీ ఫిల్మ్, మాత్రల స్ట్రిప్పులు వెంట తీసుకెళ్లండి. మగతలో పొరబోయే ప్రమాదం ఉంది, ఆపరేషన్ అవసరం కూడా పడొచ్చు, అందుకే డాక్టర్ చూసేదాకా తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వకండి.